తెలిసినవారెవరో తెలియాలి: కొల్లేటి పరిసరాల వ్యవసాయ విస్తరణలో జ్ఞాన నిర్వహణ

వ్యవసాయ పరిశోధన, విస్తరణ సంస్థలలో భూములు, భవనాలు, యంత్రాలు, విత్తన నిల్వలు ప్రతి సంవత్సరం లెక్కకు వస్తాయి. వాటికి స్టాకు రిజిస్టర్లు ఉంటాయి, తనిఖీలు జరుగుతాయి, లోటు కనిపిస్తే సంజాయిషీ అడుగుతారు. కాని ఈ సంస్థల అసలు సంపద అయిన జ్ఞానానికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు. ముప్పై సంవత్సరాలు పొలాల్లో తిరిగిన శాస్త్రవేత్త గాని, క్షేత్ర సహాయకుడు గాని పదవీ విరమణ చేసిన నాడు శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తాం. ఆయన బల్ల, బీరువా, కంప్యూటరు అప్పగింత జాబితాలో చేరతాయి. ఆయనతో పాటు సంస్థ నుండి ఏమి వెళ్ళిపోయిందో ఎవరూ లెక్క వేయరు.

మనుషుల అనుభవంలోను, కాగితాలలోను, కంప్యూటర్లలోను చెదిరి ఉన్న జ్ఞానాన్ని అవసరమైన వేళకు అవసరమైన వ్యక్తికి అందేలా చేయడాన్ని జ్ఞాన నిర్వహణ అంటారు. ఇది వాణిజ్య సంస్థల నిర్వహణ శాస్త్రంలో పుట్టిన మాట అయినా, దీని అవసరం విస్తరణ రంగంలో ఇంకా ఎక్కువ. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసర ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే కమతం, అనేక సంస్థలు

కొల్లేటి అంచున ఉన్న ఒక సాధారణ రైతు కుటుంబాన్ని తీసుకుందాం. పల్లంలో సార్వా, దాళ్వా వరి, గట్ల మీద కొబ్బరి, ఒక చేపల చెరువు, ఇంటి దగ్గర రెండు గేదెలు, మెట్టన బంధువుల ఊరిలో కొంత ఆయిల్ పామ్ తోట. రైతు దృష్టిలో ఇది ఒకే సేద్యం. గేదెల ఎరువు వరికి, వరి గడ్డి గేదెలకు, చెరువు నీరు గట్టు మీది కొబ్బరికి అందుతాయి. చెరువుకు వాడిన మందు, చేనుకు వాడిన మందు ఒకే కాలువలో కలుస్తాయి.

సంస్థల దృష్టిలో మాత్రం ఇది ఒక కుటుంబం కాదు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, అంటే నేటి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, చాలాకాలం ఈ శాస్త్రాలన్నింటికీ ఒకే గొడుగుగా ఉండేది. 2005లో పశువైద్యం విడివడి తిరుపతి కేంద్రంగా శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2007లో ఉద్యాన శాస్త్రాలకు తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెంలో ప్రత్యేక విశ్వవిద్యాలయం వచ్చింది. 2020లో మత్స్య విశ్వవిద్యాలయానికి చట్టం చేశారు. ఆయిల్ పామ్ పరిశోధన ఏలూరు సమీపాన పెదవేగిలో, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో, 1995 నుండి జరుగుతున్నది. వరికి 1925లో నెలకొన్న మారుటేరు పరిశోధన స్థానం ఉన్నది. ఇవన్నీ ఒక పూట ప్రయాణంలో చేరుకోగల దూరంలోనే ఉన్నాయి లేదా వాటి ప్రతినిధులు ఆ దూరంలో ఉన్నారు.

ఈ విభజన తప్పు అని చెప్పడం లేదు. ప్రతి శాస్త్రానికీ ప్రత్యేక శ్రద్ధ లభించింది, పరిశోధన లోతు పెరిగింది. అయితే ప్రతి విభజనతోను ఒక గోడ లేచింది. పూర్వం ఒకే భోజనశాలలో కలిసే పశువైద్యుడు, ఉద్యాన శాస్త్రవేత్త, సస్యశాస్త్రవేత్త మాటల మధ్య అప్రయత్నంగా మార్చుకున్న సమాచారం ఇప్పుడు ఉత్తరం రాసి తెప్పించుకోవలసిన సమాచారంగా మారింది. ఉత్తరం రాయాలంటే ముందు ఏమి అడగాలో తెలియాలి. ఆ భోజనశాలలో మనం అడగాలని అనుకోని విషయాలే ఎక్కువగా నేర్చుకునేవాళ్ళం.

కొల్లేరు మరొక గోడకు కూడా ఉదాహరణ. ఒకే సరస్సు అయినా పరిపాలనలో చాలాకాలం కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచబడి ఉన్నది. పరిశోధన, విస్తరణలో కూడా కృష్ణా జిల్లా వైపు గ్రామాలు లాం కేంద్రంగా ఉన్న కృష్ణా మండలంలోను, ఏలూరు వైపు గ్రామాలు మారుటేరు కేంద్రంగా ఉన్న గోదావరి మండలంలోను ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి కైకలూరు, మండవల్లి మండలాలు ఏలూరు జిల్లాలో చేరాయి. సరిహద్దు గీత ఒక్క ఉత్తర్వుతో మారింది. ఆ గీతకు ఇరువైపులా దశాబ్దాలుగా పేరుకున్న దస్త్రాలు, పరిచయాలు, అనుభవాలు అలా ఒక్క రోజులో మారేవి కావు. జిల్లా మారినప్పుడు ఏ దస్త్రం ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయిస్తాం గాని, ఆ దస్త్రాన్ని చదవడం తెలిసిన మనిషి ఎక్కడ ఉన్నాడో నమోదు చేయం.

జ్ఞానం ఎక్కడ ఉంటుంది?

మనకు తెలిసినదంతా మాటల్లో చెప్పలేమన్న విషయాన్ని తత్త్వవేత్త మైకేల్ పొలానీ 1966లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా చర్చించాడు. చెప్పగల జ్ఞానాన్ని వ్యక్త జ్ఞానమనీ, చేతిలో, కంటిలో, అలవాటులో ఉండి మాటకు లొంగని జ్ఞానాన్ని అవ్యక్త జ్ఞానమనీ మనం అనుకోవచ్చు. జపాన్ పండితులు నొనాకా, తకెయూచి 1995లో ఈ భావాన్ని సంస్థలకు అన్వయించారు. అవ్యక్త జ్ఞానం కలిసి పనిచేయడం ద్వారా మరొకరికి అందుతుందనీ, కొంత భాగం మాటలలోకి వస్తుందనీ, అది ఇతర విషయాలతో కలిసి పుస్తకమవుతుందనీ, మళ్ళీ అభ్యాసం వల్ల మరొకరి చేతికి అలవాటవుతుందనీ వారు చెప్పారు.

మన రంగంలో దీనికి ఉదాహరణల కొరత లేదు. మారుటేరు నుండి 1982లో విడుదలైన స్వర్ణ వరి వంగడం, అంటే ఎం.టి.యు. 7029, తూర్పు భారత రాష్ట్రాలన్నింటా విస్తరించింది. ఆ విత్తనం సంచిలో ఎక్కడికైనా వెళ్ళింది. దాని జన్మ వివరాలు, పంట కాలం, గింజ గుణాలు కాగితం మీద వెళ్ళాయి. కాని వేల మొక్కల మధ్య నుండి ఒక మొక్కను నిలబెట్టుకున్న ప్రజననకారుని కంటి చూపు సంచిలోనూ వెళ్ళలేదు, కాగితం మీదా వెళ్ళలేదు. అది పక్కన నిలబడి నడిచిన శిష్యులకు మాత్రమే, అదీ కొంతవరకే, దక్కింది.

మూడవ భావన ఒకటి ఉన్నది. అది విస్తరణకు అత్యంత ముఖ్యమైనది. 1980లలో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కలిసి జీవించేవారు, కలిసి పనిచేసేవారు జ్ఞాపకాన్ని పంచుకుంటారని గమనించాడు. ప్రతి ఒక్కరూ అన్నీ గుర్తుంచుకోరు. ఏ విషయం ఎవరికి తెలుసో గుర్తుంచుకుంటారు. మంచి సంస్థ అంటే అందరికీ అన్నీ తెలిసిన సంస్థ కాదు, తెలిసినవారెవరో అందరికీ తెలిసిన సంస్థ. బదిలీలు, పదవీ విరమణలు, సంస్థల విభజన ముందుగా దెబ్బతీసేది ఈ పటాన్నే.

ఒక సీజను నష్టం

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల మాత్రమే తెలిసింది కాదు. చాలా సంవత్సరాల క్రితం నేను పనిచేసిన ఒక పరిశోధన క్షేత్రంలో వరిపై దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం నడుస్తుండేది. ఒకే మడికి ఏటా ఒకే మోతాదు వేయడమే అటువంటి ప్రయోగానికి ప్రాణం. మడుల పటం కంప్యూటరులో భద్రంగా ఉన్నది, ప్రింటు తీసి కార్యాలయం గోడకు కూడా అంటించాం. ఆ పొలాన్ని రెండు దశాబ్దాల పాటు చూసుకున్న క్షేత్ర సహాయకుడు ఆ వేసవిలో పదవీ విరమణ చేశాడు.

సార్వాలో ఎరువులు వేశాం. పిలక దశలో ఒక వరుస మడులు మేము అనుకున్న రంగులో లేవు. సూక్ష్మపోషక లోపమేమోనని కొన్ని రోజులు వెతికాం. చివరకు ఆ పాత సహాయకుని ఇంటికి కబురు పంపితే ఆయన వచ్చి గట్టు మీద నిలబడి ఒక్క మాటలో తేల్చాడు. చాలా ఏళ్ళ క్రితం బోదెను మళ్ళించినప్పుడు రెండు వరుసల్లో మడుల సంఖ్య కాలువ వైపు నుండి మొదలైంది. పటంలో మాత్రం పాత క్రమమే ఉండిపోయింది. ఆయన ప్రతి సంవత్సరం పటం చూడకుండానే సరిగ్గా వేసేవాడు. అందువల్ల పటం తప్పని ఎవరికీ తెలియలేదు.

ఆ సీజను ఫలితాలను పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ రెండు వరుసల మడుల్లో ఒకసారి జరిగిన పొరపాటు మట్టిలో ఎంతకాలం ఉంటుందో చెప్పలేక తరువాతి సంవత్సరాల లెక్కల్లోనూ వాటిని విడిగా చూడవలసి వచ్చింది. తప్పు ఆయనది కాదు. పటం ఉన్నది కదా అన్న ధీమాతో ఆయనతో ఒక్కసారైనా పొలమంతా నడవని నాది. కంప్యూటరులో ఉన్న సమాచారం తప్పుగా ఉండి, మనిషి దగ్గర ఉన్న జ్ఞానం దానిని నిశ్శబ్దంగా సరిదిద్దుతూ ఉండటం చాలా సంస్థలలో జరిగేదే. మనిషి ఉన్నంతకాలం వ్యవస్థ బాగున్నట్లే కనిపిస్తుంది.

తెల్లదోమ నేర్పిన పాఠం

సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంత కొబ్బరిలో మన దేశంలో మొదటిసారి కనిపించింది. కొద్ది కాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరికి, తరువాత ఆయిల్ పామ్‌కు వ్యాపించింది. ఆకుల అడుగున తెల్లని మైనపు వలయాలు, ఆకుల పైభాగాన నల్లని మసి చూసిన రైతు సహజంగానే మందు డబ్బా కోసం దుకాణానికి వెళ్ళాడు.

దీనికి పరిష్కారం ఏ ఒక్క సంస్థ దగ్గరా పూర్తిగా లేదు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో దగ్గర ఐసేరియా శిలీంధ్రపు మేలైన రకం, ఎన్కార్సియా అనే పరాన్నజీవి గురించిన జ్ఞానం ఉన్నాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో జీవనియంత్రణ కారకాలను పెద్ద ఎత్తున పెంచే అనుభవం ఉన్నది. పెదవేగిలో ఆయిల్ పామ్ తోటలను గురించిన జ్ఞానం ఉన్నది. ఏ తోటలో పురుగు ముందుగా కనిపించింది, ఏ తోటలో మందు కొట్టిన తరువాత ఉధృతి తగ్గకపోగా పెరిగింది అన్న సంగతి రైతుల దగ్గర, గ్రామస్థాయి సిబ్బంది దగ్గర ఉన్నది.

ఇక్కడ కీలకమైన విస్తరణ సందేశం మందు కొట్టడం కాదు, కొట్టకుండా ఆగడం. విచక్షణ లేకుండా పురుగుమందు చల్లితే ఎన్కార్సియా నశిస్తుంది. పరాన్నజీవి ఆశించిన తెల్లదోమ పిల్ల పురుగులు నల్లబడతాయి. ఆ నల్లబడిన పిల్లలను గుర్తుపట్టగల కన్ను ఉన్నవాడే ఆగగలడు. కరపత్రంలో రంగు బొమ్మ వేయవచ్చు. కాని ఆకు తిప్పి, మసిని, పరాన్నజీవి సోకిన పిల్లలను వేరుగా చూపించిన అరగంట పాఠానికి ఆ బొమ్మ ప్రత్యామ్నాయం కాదు. వ్యక్త జ్ఞానాన్ని సంస్థల మధ్య ఉత్తరాల ద్వారా పంపవచ్చు. అవ్యక్త జ్ఞానాన్ని తోటలో కలిసి నిలబడి మాత్రమే పంచుకోగలం. రెండింటికీ వేర్వేరు ఏర్పాట్లు కావాలి.

జోడించని సమాచారం: రెండు ఉదాహరణలు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో 600 మందికి పైగా ప్రజలు ఉన్నట్టుండి మూర్ఛ, తల తిరుగుడు, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. దేశంలోని అనేక ప్రముఖ సంస్థలు నమూనాలు తీసుకుని పరీక్షించాయి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షలు పురుగుమందుల అవశేషాలను సూచించాయి. ఆ ఘటన కారణాన్ని ఇక్కడ చర్చించబోవడం లేదు. విస్తరణ శాస్త్రవేత్తగా నన్ను ఆలోచింపజేసినది వేరు. ఏ ప్రాంతంలో ఏ నెలలో ఏ మందు ఎంత అమ్ముడైందో దుకాణాల బిల్లు పుస్తకాలలో ఉంటుంది. ఏ పంటపై ఎంత వాడారో రైతుకు తెలుసు. ఏ కూరగాయ ఏ ఊరి నుండి వచ్చిందో మార్కెట్ వ్యాపారికి తెలుసు. అవశేషాలు ప్రయోగశాలలకు, రోగులు వైద్యులకు తెలుసు. ఇవన్నీ ఒకే పట్టికలో ముందుగా కలిసి ఉండాలని ఎవరూ అనుకోలేదు. విపత్తు వచ్చాక వాటిని కలపడం మొదలుపెడితే, కలపడానికి ఉమ్మడి అంశం, అంటే ఊరి పేరు, తేదీ, మందు పేరు, ఒకే విధంగా రాసి ఉండదు.

రెండవ ఉదాహరణ కొల్లేటి నీరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోవాలి. ఈ సరస్సును 1999లో +5 కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. కాబట్టి ఇక్కడ నీటి గురించి జలవనరుల శాఖకు, గట్ల గురించి అటవీ, మత్స్య శాఖలకు, ముంపు పంట గురించి వ్యవసాయ శాఖకు తెలుసు. ఎగువన వాన పడ్డాక ఏ లంకకు ఎన్ని రోజులకు నీరు ఎక్కుతుందో, ఉప్పుటేరు ఎప్పుడు లాగుతుందో, ఎప్పుడు పోటుకు నిలిచిపోతుందో తరతరాలుగా వేటపై బతికిన వడ్డి మత్స్యకారులకు తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీటి తరువాతి మజిలీ కొల్లేరే. అటువంటి వేళ పల్లంలోని వరి రైతుకు కావలసినది వరద వార్త కాదు. తన చేనులోకి నీరు ఎన్ని రోజులకు వస్తుంది, ఎన్ని రోజులు నిలుస్తుంది అన్న అంచనా. ఆ అంచనాకు కావలసిన ముక్కలు అన్నీ ఉన్నాయి. అవి ఒక చోట లేవు.

కంప్యూటరులో ఉన్నది, లేనిది

సమాచార వ్యవస్థలు మన రాష్ట్రానికి కొత్త కావు. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ 'ఈ-సాగు' ప్రయోగాన్ని వరంగల్ జిల్లా పత్తి రైతులతో ఆరంభించింది. గ్రామంలోని సమన్వయకర్త ప్రతి పొలాన్నీ క్రమం తప్పక చూసి ఫోటోలు తీసేవాడు. ఇంటర్నెట్ వేగం లేని ఆ రోజుల్లో వాటిని సీడీల్లో కొరియర్ ద్వారా నగరానికి పంపేవారు. నిపుణులు ఆ పొలం గత చరిత్రతో కలిపి చూసి సలహా ఇచ్చేవారు. ఆ ప్రయోగం నేర్పిన పాఠం నేటికీ వర్తిస్తుంది. సలహాకు విలువ తెచ్చినది ఫోటో మాత్రమే కాదు. ఆ ఫోటో ఏ పొలానిది, ఏ తేదీది, అంతకు ముందు అక్కడ ఏమి చేశారు అన్న వివరం, దానిని తెచ్చిన మనిషి.

2019లో గ్రామ సచివాలయాలు, 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. అవే నేటి రైతు సేవా కేంద్రాలు. వ్యవసాయ, ఉద్యాన, మత్స్య, పశుసంవర్ధక సహాయకులు గ్రామస్థాయికి చేరారు. ఈ-పంట నమోదులో సర్వే నంబరు వారీగా పంట వివరాలు చేరుతున్నాయి. ఇది గొప్ప వనరు. అయితే ఈ-పంట ఏ పంట వేశారో చెబుతుంది, ఎందుకు వేశారో చెప్పదు. కౌలు సేద్యం విస్తృతంగా ఉన్న ఈ డెల్టాలో మరొక చిక్కు ఉన్నది. పాసుపుస్తకంలో పేరు భూయజమానిది, చేనులో అనుభవం కౌలు రైతుది. మన సందేశం నమోదైన ఫోను నంబరుకు వెళ్తుంది. అది హైదరాబాదులోనో, అమెరికాలోనో మోగవచ్చు.

ఇక వాట్సాప్ గ్రూపులు. నేడు విస్తరణలో అత్యంత వేగంగా జ్ఞానం ప్రవహించేది వాటిలోనే. ఉదయం ఒక సహాయకుడు పెట్టిన ఆకు ఫోటోకు మధ్యాహ్నానికల్లా శాస్త్రవేత్త జవాబు వస్తుంది. కాని ఫోటోకు ఊరు, రకం, నాటిన తేదీ ఉండవు. ఆ జవాబు సరైనదో కాదో వారం తరువాత ఎవరూ రాయరు. మరుసటి సంవత్సరం అదే ప్రశ్న, అదే జవాబు. అధికారి బదిలీ అయితే గ్రూపు నుండి వైదొలగుతాడు. ఆయన ఫోనుతో పాటు మూడేళ్ళ సమస్యల చరిత్ర వెళ్ళిపోతుంది.

ఒకే పురుగు, మూడు పేర్లు

యంత్రంలో భద్రపరచిన జ్ఞానం దొరకాలంటే వెతికేవాని మాట, రాసినవాని మాట కలవాలి. కాండం తొలిచే పురుగు అని మనం రాస్తాం. రైతు మొగి పురుగు అంటాడు. మనది సుడిదోమ, ఆయనది దోమపోటు. మన దస్త్రంలో ప్రభాత్, ఎం.టి.యు. 3626. ధాన్యం వ్యాపారికి, రైతుకు అవి బొండాలు. కాటన్‌దొర సన్నాలు అంటే తెలియనివారు కూడా పది పది అంటే వెంటనే గుర్తుపడతారు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ ఇటువంటి చిక్కును తీర్చడానికే అనేక భాషలలో అగ్రోవాక్ అనే పదకోశాన్ని నిర్వహిస్తున్నది. మనకు మండలం వారీగా వాడుక పేర్లతో కూడిన తెలుగు పదకోశం కావాలి. ఇది భాషాభిమానంతో చెబుతున్న మాట కాదు. పదకోశం లేని సలహా వ్యవస్థ రైతు అడిగిన ప్రశ్నకు కాక తనకు అర్థమైన ప్రశ్నకు జవాబు చెబుతుంది.

కాలం చెల్లిన సలహా

జ్ఞాన నిర్వహణ అంటే దాచడం మాత్రమే కాదు, తీసివేయడం కూడా. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. వాటిలో 12 వెంటనే, ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ వంటి మిగిలిన 6 మందులు 2020 డిసెంబరు 31 నుండి నిషేధంలోకి వచ్చాయి. అయితే అంతకు ముందు ముద్రించిన బులెటిన్లు, స్కాన్ చేసి భద్రపరచిన పాత కరపత్రాలు ఇంకా ఆ మందులను సిఫారసు చేస్తూనే ఉన్నాయి. గ్రంథాలయంలో పాత పుస్తకం చూసిన విద్యార్థికి అట్ట మీద సంవత్సరం కనిపిస్తుంది. శోధనలో ఒక పేరా మాత్రమే తెరపైకి వస్తే ఆ సంవత్సరం కనిపించదు.

వ్యవసాయ పంచాంగం ప్రతి సంవత్సరం వెలువడటంలోని వివేకం ఇక్కడే ఉన్నది. మండల పరిశోధన విస్తరణ సలహా మండలి సమావేశాలలో చర్చించి, మార్చవలసినవి మార్చి, తొలగించవలసినవి తొలగించి సిఫారసులను కొత్తగా ముద్రిస్తారు. ఆ క్రమశిక్షణ మన డిజిటల్ నిల్వలకు ఇంకా రాలేదు. ప్రశ్న అడిగితే మాటల్లో జవాబు చెప్పే కృత్రిమ మేధ వ్యవస్థలు విస్తరణలోకి వస్తున్న ఈ సమయంలో ఇది కేవలం గ్రంథాలయ సమస్య కాదు. 2023లో కేంద్రం పి.ఎం. కిసాన్ పథకం సందేహాలకు కిసాన్ ఇ-మిత్రను ప్రవేశపెట్టింది. పంట సలహాకూ ఇటువంటివి పెరుగుతాయి. వాటికి మనం ఏ కాగితాలు ఇస్తామో అవే వాటి జ్ఞానం. నిషేధించిన మందును అవి సౌమ్యమైన తెలుగులో, ఎటువంటి సంకోచం లేకుండా సిఫారసు చేస్తే, బాధ్యత యంత్రానిది కాదు, కాగితాన్ని తొలగించని మనది.

చేయవలసిన పనులు

పెద్ద బడ్జెట్టు, కొత్త సాఫ్ట్‌వేర్ లేకుండా ఆరంభించగల పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, తెలిసినవారి పట్టిక. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల పరిధిలోని పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు, శాఖల సిబ్బంది, అనుభవజ్ఞులైన రైతులలో ఏ సమస్యకు ఎవరిని అడగాలో వారి అంగీకారంతో తయారు చేయాలి. అందులో హోదా కన్నా అనుభవం ముఖ్యం. పదవీ విరమణ చేసినవారికీ అందులో చోటు ఉండాలి. ప్రతి ఆరు నెలలకు సరిచూడాలి.

రెండవది, అప్పగింత కాలం. పదవీ విరమణకు కనీసం రెండు పంట కాలాల ముందు వారసుడిని జతచేయాలి. చివరి వారంలో అడిగే ప్రశ్నలకు దొరికే జవాబులు పొడిగా ఉంటాయి. పొలంలో కలిసి నడిచేటప్పుడు 'ఇక్కడ ఎందుకు ఆగారు?', 'దీనిని చూసి ఏమనుకున్నారు?', 'పటంలో లేనిది ఏమిటి?' అని అడిగితే అవ్యక్త జ్ఞానంలో కొంత భాగం మాటలలోకి వస్తుంది. వాటిని ఫోనులో రికార్డు చేసి, రాసి, ఆయనకే చూపి సరిచేయించాలి.

మూడవది, జవాబుకు చీటీ. వాట్సాప్‌లో గాని, కాల్ సెంటరులో గాని ఇచ్చిన ముఖ్యమైన ప్రతి సలహాకు ఆరు వివరాలు ఉండాలి: ఊరు, పంట రకం, పంట వయస్సు, సలహా, సలహా ఇచ్చినవారి పేరు, ఫలితం. ఆరవది లేకపోతే మిగిలిన ఐదు సమాచారమే తప్ప జ్ఞానం కావు. జిరాక్స్ సంస్థ 1990లలో తమ యంత్రాలు బాగుచేసే సాంకేతిక సిబ్బంది కోసం 'యురేకా' అనే వ్యవస్థను రూపొందించింది. క్షేత్రంలో కనుగొన్న చిట్కాను సిబ్బందే రాసేవారు, తోటివారు పరీక్షించి ఆమోదించేవారు, రాసినవారి పేరు దానితో పాటు ఉండేది. పేరు నిలవడమే వారికి ప్రోత్సాహం. గ్రామ సహాయకుని పరిశీలన శాస్త్రవేత్త నివేదికలో పేరు లేకుండా కలిసిపోయే అలవాటు మనలో ఉన్నంతకాలం ఎవరూ రాయరు. ఇది కొంత చేదు నిజమైనా ఒప్పుకోవాలి.

నాల్గవది, గడువు తేదీ. ప్రతి సిఫారసుకు పునఃపరిశీలన సంవత్సరం ముద్రించాలి. గడువు దాటిన కాగితం చరిత్రగా ఉండవచ్చు, శోధనలో సలహాగా రాకూడదు.

ఐదవది, సంస్థల ఉమ్మడి పొలం నడక. సీజనుకు ఒకసారి సస్యశాస్త్రం, ఉద్యానం, మత్స్యం, పశుసంవర్ధక శాస్త్రవేత్తలు ఒకే రైతు కమతాన్ని కలిసి చూడాలి. ఇందుకు ఉత్తర్వు కన్నా వాహనం, భోజనం ముఖ్యం. మనం కోల్పోయిన భోజనశాలను చేను గట్టు మీద తిరిగి ఏర్పాటు చేసుకోవడమే ఇది.

ఆరవది విద్యార్థులకు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు మీరు. ప్రశ్నావళిని నింపడంతో సరిపెట్టుకోకుండా ఊరిలో ఒక అనుభవజ్ఞుడైన రైతు, ఒక మహిళా రైతు, ఒక కౌలు రైతు నుండి ఒక్కొక్క నిర్ణయాన్ని మొదటి నుండి చివరి వరకు రాసుకోండి. నాట్లకు సరైన రోజును ఆయన ఎలా నిర్ణయించాడు? చేపలు తెల్లవారుజామున నీటి పైకి వచ్చి నోరు తెరిస్తే ఏమి చేశాడు? వరిలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమంటే ఎందుకు తీయలేదు? తీయకపోవడానికి కారణం ఆయనకు తెలియకపోవడం కాకపోవచ్చు. కూలీకి ఇచ్చే లెక్క కావచ్చు. ఆ కారణం మన బులెటిన్లలో ఎక్కడా లేదు.

ముగింపు

జ్ఞానాన్ని మొత్తం మనుషుల నుండి తీసి యంత్రాలలో నింపడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. యంత్రం మరచిపోదు కాని తప్పును కూడా అంతే నిష్ఠగా గుర్తుంచుకుంటుంది. మనిషి సరిదిద్దగలడు కాని వెళ్ళిపోతాడు. ఒకటి రెండవదానిని సరిచూసే ఏర్పాటే జ్ఞాన నిర్వహణ. కృష్ణా కాలువ, గోదావరి కాలువ ఏలూరులో కలుస్తాయి. రెండు నదుల నీటిని ఒక పట్టణంలో కలిపిన వారికి రెండు శాఖల సమాచారాన్ని ఒక పట్టికలో కలపడం కష్టమైన పని కాకూడదు.

ఈ వ్యాసం చదివిన విస్తరణ శాస్త్రవేత్తలకు ఒక మనవి. మీ కార్యాలయంలో రాబోయే రెండేళ్ళలో పదవీ విరమణ చేయబోయేవారి పేర్లు ఒక కాగితంపై రాయండి. ప్రతి పేరు ఎదుట, ఆయన వెళ్ళాక ఎవరినీ అడగలేని ఒక్క ప్రశ్న రాయండి. ఈ సార్వాలోనే ఆయనతో కలిసి పొలానికి వెళ్ళి ఆ ప్రశ్న అడగండి.